లాగుతుంది సరే, మోస్తుందా? మినీ ఎక్స్‌కవేటర్ ట్రెయిలర్‌కి సరైన ట్రక్ ఎంచుకోవడం ఎలా

“అన్నా, నా ట్రక్ 13,000 పౌండ్లు లాగుతుందని బ్రోషర్‌లో ఉంది. ఎక్స్‌కవేటర్ 8,000 పౌండ్లే. ఇంకేం టెన్షన్?”

ఫ్రిస్కోలో ఉండే ఒక తమ్ముడు ఫోన్ చేసి అడిగిన మాట ఇది. డాలస్‌కి ఉత్తరాన షెర్మన్ అవతల పన్నెండెకరాలు కొన్నాడు. చిన్న చెరువు తవ్వుకోవాలి, అడ్డదిడ్డంగా పెరిగిన సీడర్ చెట్లు పీకించాలి. పాత మినీ ఎక్స్‌కవేటర్ ఒకటి బేరం కుదిరింది. “ముందు డ్రైవర్ తలుపు తెరువు. పక్కన పిల్లర్ మీద పసుపు, తెలుపు రంగుల్లో స్టిక్కర్ ఉంటుంది, ఫొటో తీసి పంపు” అన్నాను. ఫొటో వచ్చింది. అందులో ఉన్న అంకె 1,720. మా సంభాషణ అక్కడినుంచి ఇంకో గంట నడిచింది. ఆ గంటలో చెప్పినదాన్నే ఇక్కడ వరసగా రాస్తున్నాను.

మన ఊళ్లో ట్రాక్టర్ కొనేవాడు మొదట అడిగేది “ఎన్ని హెచ్‌పీ?” అని. ఆ అలవాటు అమెరికా దాకా మనతోనే వచ్చింది. నిజానికి ఇప్పటి పికప్‌లలో లాగలేని ఇంజిన్ దాదాపు లేదు. బరువు వెనక వీపు మీద పడ్డప్పుడు మోయగలదా, 60 మైళ్ల వేగంలో వెనకది తోస్తున్నప్పుడు ఆపగలదా అన్నవే అసలు ప్రశ్నలు.

మొదటి అడుగు: అసలు ట్రక్ కొనాలా?

ఏడాదికి రెండు మూడు సార్లే మిషన్‌తో పనిబడితే కొనకండి. రెంటల్ వాళ్లు మిషన్‌ని మీ పొలం దాకా తెచ్చి దింపుతారు, పని అయ్యాక వచ్చి తీసుకెళ్తారు. ఆ డెలివరీ ఖర్చు ట్రక్ నెల వాయిదాతో పోలిస్తే చాలా తక్కువ. ఇంకో మాట, సబర్బ్‌లలో చాలా హెచ్‌ఓఏలు (ఇళ్ల యజమానుల సంఘాలు) ట్రెయిలర్‌ని ఇంటి ముందు నిలపనివ్వవు. ట్రక్ కొనేలోపు ట్రెయిలర్ ఎక్కడ పెడతారో తేల్చుకోండి.

మిషన్ మీ సొంతం, నెలకోసారైనా కదిలించాలి అనుకుంటేనే ముందుకు చదవండి.

రెండో అడుగు: లాగాల్సిన బరువు లెక్క

మిషన్ బరువు ఒక్కటే చూసి ఆగిపోవడం అందరూ చేసే తప్పు. ట్రెయిలర్‌కి తన బరువు తనకుంటుంది. బకెట్లు, చెయిన్లు, డీజిల్ డబ్బాలు వేరే. మా తమ్ముడి లెక్క ఇలా వచ్చింది:

మూడున్నర టన్నుల తరగతి మినీ ఎక్స్‌కవేటర్: 8,000 పౌండ్లు
రెండు యాక్సిళ్ల ఎక్విప్‌మెంట్ ట్రెయిలర్, ఖాళీగా: 3,500
అదనపు బకెట్, చెయిన్లు, బైండర్లు (చెయిన్ బిగించే పరికరాలు), డీజిల్: 500
మొత్తం: 12,000 పౌండ్లు

కిలోల్లో చెప్తే సుమారు 5,450. “8,000 పౌండ్లే” అన్నది 12,000 అయింది. ఈ బరువుకి ట్రెయిలర్ జీవీడబ్ల్యూఆర్, అంటే అది సరుకుతో కలిపి మోయగల గరిష్ఠ బరువు, 14,000 పౌండ్లు ఉన్నది తీసుకోవాలి. ట్రెయిలర్ ముందు భాగంలో రేకు మీద ఆ అంకె కొట్టి ఉంటుంది.

మిషన్ బరువు మాన్యువల్‌లో చూసేటప్పుడు ఆపరేటింగ్ వెయిట్ చూడండి. క్యాబిన్ ఉన్నదా, రబ్బరు ట్రాకులా స్టీల్ ట్రాకులా అన్నదాన్ని బట్టి ఒకే మోడల్‌లో వందల పౌండ్ల తేడా వస్తుంది.

మూడో అడుగు: నొగ బరువు

ఇంగ్లిష్‌లో దీన్ని టంగ్ వెయిట్ అంటారు. నాకైతే మన ఎద్దుబండే గుర్తొస్తుంది. బండిలో బస్తాలు మరీ ముందుకు పేరిస్తే కాడి ఎద్దుల మెడల మీద కూలబడుతుంది. మరీ వెనక్కి పేరిస్తే నొగ పైకి లేచి మెడతాడు బిగుసుకుంటుంది. అందుకే బండి తోలేవాడు బస్తాలు వేశాక నొగ పట్టుకుని ఒకసారి ఎత్తి చూసేవాడు. ముందుకు కాస్త మొగ్గు ఉందా, చాలు.

ట్రెయిలర్‌దీ అదే లెక్క. బంపర్ దగ్గర బాల్‌కి తగిలించే ట్రెయిలర్ అయితే మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ట్రక్ వెనక మీద పడాలి. ట్రక్ తొట్టి మధ్యలో తగిలించే గూస్‌నెక్ అయితే 20 నుంచి 25 శాతం. 12,000 పౌండ్లకి 13 శాతం చొప్పున 1,560 పౌండ్లు. ఇది లాగే బరువు కాదు, ట్రక్ మోసే బరువు.

నొగ బరువు తగ్గితే ఏమవుతుందో నేను పుస్తకంలో చదివి నేర్చుకోలేదు. మొదటిసారి మిషన్ ఎక్కించినప్పుడు దాన్ని తిన్నగా ముందుకే నడిపించాను. బూమ్, బకెట్ ట్రక్ తలుపుకి తగులుతాయేమోనని భయపడి కాస్త వెనకే ఆపేశాను. ఎక్స్‌కవేటర్ బరువంతా వెనక ఇంజిన్, కౌంటర్‌వెయిట్ దగ్గర ఉంటుందన్న సంగతి అప్పుడు తట్టలేదు. యూఎస్ 380 మీద 55 మైళ్ల దాకా బాగానే ఉంది. 60 దగ్గరకి రాగానే ట్రక్ వెనక భాగం దూదిలా తేలికైనట్టు అనిపించింది. అద్దంలో చూస్తే ట్రెయిలర్ కుడి అంచు ఒకసారి కనిపిస్తోంది, మరుక్షణం ఎడమ అంచు. ప్రతి ఊపూ ముందుదానికంటే పెద్దది. పక్క లైన్‌లో వెళ్తున్న కారువాడు హారన్ కొట్టి ముందుకి దూసుకుపోయాడు.

అలాంటప్పుడు బ్రేక్ తొక్కాలనిపిస్తుంది. తొక్కితే ట్రక్ ఆగుతుంది, ట్రెయిలర్ ఆగదు, తోసి పక్కకి మడిచేస్తుంది. స్టీరింగ్ అటూఇటూ తిప్పినా ఊపు పెరుగుతుంది. స్టీరింగ్ కదలకుండా పట్టుకుని, యాక్సిలరేటర్ వదిలేసి, డాష్‌బోర్డ్ మీది ట్రెయిలర్ బ్రేక్ కంట్రోలర్‌ని చేత్తో కొద్దికొద్దిగా నొక్కాలి. ట్రెయిలర్ చక్రాలు మాత్రమే పట్టుకుంటాయి, వెనక నుంచి సాగదీసినట్టు బండి తిన్నగా అవుతుంది. నా అదృష్టం, ఆ మాట ముందురోజే ఒక పెద్దాయన చెప్పి ఉన్నాడు. తరవాత వచ్చిన గ్యాస్ స్టేషన్‌లో ఆపి, మిషన్‌ని రెండడుగులు ముందుకి జరిపి, బకెట్ మడిచి డెక్ మీద ఆనించాను. ఇల్లు చేరేదాకా మళ్లీ ఊగలేదు.

నాలుగో అడుగు: తలుపు దగ్గరి స్టిక్కర్

ఇప్పుడు ఆ 1,720 దగ్గరికి వద్దాం. ప్రయాణికులూ సామానూ కలిపి ఇంత బరువు దాటకూడదని ఆ స్టిక్కర్ చెప్తుంది. దీన్నే పేలోడ్ అంటారు. ఇంటర్నెట్‌లో ఆ మోడల్‌కి దొరికే పేలోడ్ అంకె వేరు, మీ ట్రక్ స్టిక్కర్ మీదిది వేరు. ఫోర్ వీల్ డ్రైవ్, సన్‌రూఫ్, లెదర్ సీట్లు, పెద్ద చక్రాలు, ఒక్కొక్కటీ కొంత తినేస్తాయి. అందుకే షోరూంలో ఖరీదైన ట్రిమ్ కంటే పనివాళ్లకి అమ్మే బేసిక్ ట్రిమ్ ఎక్కువ మోస్తుంది. సేల్స్‌మన్ మాత్రం మిమ్మల్ని ఖరీదైన దాని వైపే నడిపిస్తాడు.

తమ్ముడి లెక్క: 1,720లో భార్యాభర్తలూ ఇద్దరు పిల్లలూ 520. తొట్టిలో టూల్ బాక్స్ 200. హిచ్ (ట్రెయిలర్ తగిలించే అమరిక) బాల్‌మౌంట్, బాల్ 50. మిగిలింది 950. పడబోయే నొగ బరువు 1,560. అంటే 610 పౌండ్లు ఎక్కువ. బ్రోషర్ ప్రకారం 12,000 లాగడం తేలిక. స్టిక్కర్ ప్రకారం కుదరదు. రెండింట్లో ఏది తక్కువ చెప్తే దాని మాటే వినాలి.

“వెనక ఎయిర్ బ్యాగులు వేయిస్తే?” అని అడిగాడు, అంటే స్ప్రింగులకి తోడుగా వేసే గాలి సంచులు. ఎయిర్ బ్యాగులు వేస్తే కిందికి కుంగిన ట్రక్ సమంగా కనిపిస్తుంది, అంతే. యాక్సిల్, బ్రేకులు, టైర్లు, చట్రం అవే. స్టిక్కర్ మీది అంకె మారదు.

ఐదో అడుగు: బ్రోషర్ అంకెని ఎలా చదవాలి

లాగే సామర్థ్యాన్ని కొలవడానికి ఎస్‌ఏఈ జే2807 అనే ప్రమాణం ఉంది. ఒకప్పుడు ఏ కంపెనీ అంకె ఆ కంపెనీ ఇష్టం. ఈ ప్రమాణం వచ్చాక అందరికీ ఒకే పరీక్ష. అందులో ఒక భాగం అరిజోనాలోని డేవిస్ డ్యామ్ ఎత్తు. 11 మైళ్లకి పైగా సాగే ఆ ఎక్కుడు రోడ్డుని మండుటెండలో, ఏసీ పూర్తిగా వేసి, కనీసం 40 మైళ్ల వేగం తగ్గకుండా ఎక్కాలి. వెనక నాలుగు చక్రాలుండే డ్యూయలీలకి 35 చాలు.

పరీక్ష గట్టిదే. కానీ అందులో ట్రక్‌లో కూర్చునేది ఇద్దరు, ఒక్కొక్కరు 150 పౌండ్లు. మీ కుటుంబం, మీ టూల్ బాక్స్, ఇంటినుంచి తెచ్చుకున్న నీళ్ల క్యాన్లు ఆ లెక్కలో లేవు. ట్రక్, ట్రెయిలర్, మనుషులు, సామాను అంతా కలిపి దాటకూడని బరువుని జీసీడబ్ల్యూఆర్ అంటారు. మీరు ట్రక్‌లో ఎంత ఎక్కువ వేసుకుంటే లాగగలిగేది అంత తగ్గుతుంది.

పైగా బ్రోషర్‌లో పెద్ద అక్షరాల్లో ఉండే అంకె ఒక ప్రత్యేకమైన ఇంజిన్, క్యాబ్, యాక్సిల్ రేషియో (యాక్సిల్‌లోని గేర్ల నిష్పత్తి) కలయికకి మాత్రమే. ఒకే పేరున్న రెండు ట్రక్కుల్లో ఒకదానికి 3.31 యాక్సిల్, ఇంకోదానికి 3.73 ఉంటే లాగే సామర్థ్యంలో వేల పౌండ్ల తేడా రావచ్చు. కంపెనీలు ఏటా టోయింగ్ గైడ్ విడుదల చేస్తాయి. మీరు చూస్తున్న ట్రక్ ఏ సంవత్సరానిదో ఆ గైడే తీసి, మీ కలయిక ఉన్న వరస వెతకండి.

ఆరో అడుగు: ఏ తరగతి ట్రక్?

మన ఇళ్లలో ఎక్కువగా ఉండే బళ్ల సంగతి ముందు తేల్చేద్దాం. ఒడిస్సీ, సియెన్నా లాంటి మినీవ్యాన్లు 3,500 పౌండ్లు. హైలాండర్, పైలట్ లాంటివి మహా అయితే 5,000. గడ్డి కోసే చిన్న ట్రాక్టర్‌ని తేలికపాటి ట్రెయిలర్ మీద తీసుకెళ్లడానికి సరిపోవచ్చు, ఎక్స్‌కవేటర్‌కి కాదు. సైబర్‌ట్రక్‌కి మోడల్‌ని బట్టి 11,000 పౌండ్ల దాకా రేటింగ్ ఉంది, బలానికి లోటు లేదు. కానీ ఏ ఎలక్ట్రిక్ ట్రక్ అయినా పెద్ద బరువు లాగితే రేంజ్ దాదాపు సగానికి పడిపోతుంది. చార్జింగ్ దగ్గర ట్రెయిలర్ విప్పి, మళ్లీ తగిలించుకోవాల్సి రావడం వేరే తలనొప్పి.

ఎఫ్-150, సిల్వరాడో 1500, ర్యామ్ 1500 లాంటి వాటిని హాఫ్ టన్ అంటారు. 250, 2500 అని ఉంటే త్రీక్వార్టర్ టన్. 350, 3500 అయితే వన్ టన్. ఆ టన్నుల పేర్లు పాతకాలం నాటివి, ఇప్పటి సామర్థ్యంతో వాటికి సంబంధం లేదు.

మొత్తం బరువు 7,000 పౌండ్ల లోపు అయితే సరిగ్గా అమర్చిన హాఫ్ టన్ చాలు. చిన్న సబ్‌కాంపాక్ట్ ట్రాక్టర్, లోడర్‌తో కలిపి, ఇందులోనే వస్తుంది. 12,000 అంటే నా సలహా త్రీక్వార్టర్ టన్ లేదా వన్ టన్.

ఇక్కడ మనవాళ్లు పడే గోతి ఒకటుంది. “భారీ పని కదా, డీజిలే తీసుకుందాం” అని త్రీక్వార్టర్ టన్ డీజిల్ కొంటారు. ఆ తరగతిలో చాలా ట్రక్కుల జీవీడబ్ల్యూఆర్ 10,000 పౌండ్లకి కట్టేసి ఉంటుంది. డీజిల్ ఇంజిన్ బరువు పెట్రోల్ ఇంజిన్ కంటే వందల పౌండ్లు ఎక్కువ. ఆ బరువంతా పేలోడ్ లోంచే పోతుంది. లాగడంలో డీజిల్ రాజే, మోయడంలో అదే తరగతి పెట్రోల్ ట్రక్ దానికంటే ఎక్కువ మోస్తుంది. డీజిల్ కావాలనుకుంటే వన్ టన్‌కి వెళ్లడం మేలు, ధరలో తేడా తరచుగా అనుకున్నంత ఉండదు.

మరి డ్యూయలీ? వెనక నాలుగు చక్రాలతో గాలికీ ఊపుకీ చలించదు. కానీ ఇండియన్ స్టోర్ పార్కింగ్‌లో దాన్ని పెట్టి చూడండి, ఆదివారం సాయంత్రం కొత్తిమీర కట్ట కోసం. 12,000 పౌండ్లకి డ్యూయలీ అక్కర్లేదు.

ఎత్తైన కొండప్రాంతాల్లో లాగేవాళ్లకి ఒక్క మాట. టర్బో లేని ఇంజిన్ ప్రతి వెయ్యి అడుగుల ఎత్తుకి సుమారు 3 శాతం బలం కోల్పోతుంది. కొలరాడోలో ఇది తెలుస్తుంది, డాలస్‌లో తెలియదు.

ఏడో అడుగు: ఆపడం

టెక్సాస్‌లో మొత్తం బరువు 4,500 పౌండ్లు దాటిన ట్రెయిలర్‌కి మామూలు రోడ్డు వేగంలో సొంత బ్రేకులు ఉండి తీరాలి. మీ 14,000 ట్రెయిలర్‌కి ఎలాగూ ఎలక్ట్రిక్ బ్రేకులు ఉంటాయి. వాటికి ఆజ్ఞ ఇచ్చే బ్రేక్ కంట్రోలర్ ట్రక్‌లో ఉండాలి. ఫ్యాక్టరీలోనే అమర్చినది ఉన్న ట్రక్ దొరికితే అదే తీసుకోండి. బయట వేయించుకుంటే ప్రపోర్షనల్ రకం అడగండి, మీరు ఎంత గట్టిగా బ్రేక్ తొక్కితే ట్రెయిలర్ అంత గట్టిగా పట్టుకుంటుంది.

మిషన్ ఎక్కించాక ఖాళీ పార్కింగ్ స్థలంలో 20–25 మైళ్ల వేగంలో కంట్రోలర్ మీట పూర్తిగా నొక్కండి. చక్రాలు గట్టిగా పట్టుకోవాలి, జారకూడదు. జారితే గెయిన్ (ట్రెయిలర్ బ్రేకుల బలం సెట్టింగ్) తగ్గించండి. మిషన్ దింపి ఖాళీగా తిరిగొచ్చేటప్పుడు మళ్లీ తగ్గించాలి. చాలామంది మర్చిపోయేది ఇదే.

బ్రేక్అవే తీగని ట్రక్‌కి కట్టండి, చెయిన్‌కి కాదు. ట్రెయిలర్ ఊడిపోతే ఆ తీగ లాగబడి బ్రేకులు వాటంతట అవే పడాలి. దానికి చిన్న బ్యాటరీ ఉంటుంది, చచ్చిపోయి ఉంటే అదంతా అలంకారమే.

ఎనిమిదో అడుగు: హిచ్

రిసీవర్ (ట్రక్ వెనక బాల్‌మౌంట్ దూర్చే చదరపు గొట్టం) మీద ఒక లేబుల్ ఉంటుంది. దాని మీద రెండు రకాల అంకెలు: మామూలుగా తగిలిస్తే ఇంత, నొగ బరువుని మిగతా చక్రాలకీ పంచే వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్‌తో అయితే ఇంత. ట్రక్ 14,000 లాగుతుందన్నా రిసీవర్ లేబుల్ 10,000 అంటే మీ పరిమితి 10,000. బాల్‌మౌంట్‌కీ, బాల్‌కీ కూడా వాటి వాటి రేటింగ్ కొట్టి ఉంటుంది. ఈ బరువు ట్రెయిలర్‌లకి సాధారణంగా 2 5/16 అంగుళాల బాల్ ఉంటుంది. 2 అంగుళాల బాల్ మీద ఆ కప్లర్ (బాల్‌ని పట్టుకునే ట్రెయిలర్ మూతి) కూర్చున్నట్టే కనిపిస్తుంది, మొదటి గుంతలో లేచిపోతుంది.

సేఫ్టీ చెయిన్లు కప్లర్ కింద ఎక్స్ ఆకారంలో అడ్డంగా వేయండి. కప్లర్ ఊడితే నొగ ఆ చెయిన్ల ఊయలలో పడుతుంది, రోడ్డుని తవ్వదు.

తొమ్మిదో అడుగు: పాత ట్రక్ అయితే

స్టిక్కర్ ఉందా, మొదట చూడాల్సింది అదే. టైర్లు ఎల్‌టీ (బరువు మోసే లైట్ ట్రక్) రకమా, వాటి బరువు తరగతి లోడ్ రేంజ్ ఈనా? ఎవరో అందం కోసం మామూలు ప్యాసింజర్ టైర్లు వేసి ఉంటే వాటి ఖర్చు బేరంలో తగ్గించుకోండి. ట్రాన్స్‌మిషన్ ఆయిల్‌లో మాడు వాసన వస్తే వదిలేయండి. ఏడు పిన్నుల సాకెట్‌లో లైట్లు, బ్రేక్ సంకేతం పనిచేస్తున్నాయో లేదో టెస్టర్‌తో చూడండి. తొట్టి నేల మధ్యలో గూస్‌నెక్ రంధ్రం కనిపిస్తే ఆ ట్రక్ బాగా లాగిందని అర్థం. అది తప్పు కాదు, ధర చెప్పేటప్పుడు గుర్తుంచుకోవాల్సిన సంగతి.

పదో అడుగు: లైసెన్స్

ట్రక్ జీవీడబ్ల్యూఆర్, ట్రెయిలర్ జీవీడబ్ల్యూఆర్ కలిపి 26,001 పౌండ్లు లేదా ఆ పైన ఉండి, ట్రెయిలర్ ఒక్కటే 10,000 దాటితే లైసెన్స్ తరగతి మారుతుంది. వ్యాపారానికైతే సీడీఎల్ (వాణిజ్య డ్రైవింగ్ లైసెన్స్), సొంతానికైతే టెక్సాస్‌లో క్లాస్ ఏ. ఇక్కడ చూసేది రేకుల మీది రేటింగ్. 10,000 ట్రక్, 14,000 ట్రెయిలర్ కలిపి 24,000, ఏ గొడవా లేదు. 14,000 రేటింగ్ డ్యూయలీకి అదే ట్రెయిలర్ కడితే 28,000. డ్యూయలీ వద్దన్నది పార్కింగ్ కోసం ఒక్కటే కాదు.

మిషన్‌ని పక్క రాష్ట్రాల్లో అద్దెకి తిప్పి డబ్బు సంపాదించాలనుకుంటే, రెండూ కలిపి 10,001 పౌండ్ల నుంచే ఫెడరల్ వాణిజ్య వాహన నిబంధనలు వర్తిస్తాయి. ఓక్లహోమా మనకి గంట దూరమే కదా, గుర్తుంచుకోండి. ఇన్సూరెన్స్ ఏజెంట్‌కి కూడా ముందే చెప్పండి.

చివరి అడుగు: తూకం, మొదటి ప్రయాణం

మిషన్‌ని నాలుగు మూలలా నాలుగు చెయిన్లతో కట్టండి, బకెట్ దించి దానికి ఇంకోటి. 3/8 అంగుళాల గ్రేడ్ 70 చెయిన్ ఒక్కోదాని పని సామర్థ్యం 6,600 పౌండ్లు. 10,000 పౌండ్లు, ఆ పైన బరువున్న మిషన్లకి ఫెడరల్ రూల్ నాలుగు కట్లు, ఒక్కోటి కనీసం 5,000 పౌండ్లది. మీ మిషన్ అంతకంటే తేలికే అయినా ఆ లెక్కకే కట్టండి.

తరవాత ట్రక్ స్టాప్‌లో క్యాట్ స్కేల్ (లారీలు తూచే కాటా) మీదికి వెళ్లండి. లారీలవాళ్ల మధ్య మొహమాటపడక్కర్లేదు. ముందు చక్రాలు ఒక పలక మీద, వెనక చక్రాలు ఇంకో పలక మీద, ట్రెయిలర్ చక్రాలు మూడో పలక మీద ఆపితే మూడు అంకెలతో చీటీ వస్తుంది. ట్రెయిలర్ విప్పి ట్రక్‌ని ఒక్కదాన్నే మళ్లీ తూచండి. ట్రెయిలర్ తగిలించినప్పుడు ట్రక్ రెండు యాక్సిళ్ల మీద ఉన్న మొత్తం లోంచి, ట్రక్ ఒక్కదాని బరువు తీసేస్తే వచ్చేదే అసలు నొగ బరువు. తలుపు దగ్గర ఇంకో స్టిక్కర్ మీద వెనక యాక్సిల్ పరిమితి ఉంటుంది, రెండో పలక అంకె దాన్ని దాటకూడదు. దాటితే మిషన్‌ని అర అడుగు వెనక్కి జరిపి మళ్లీ తూచండి, కానీ 10 శాతం కిందికి మాత్రం పోనివ్వకండి.

రోడ్డెక్కాక టో/హాల్ మోడ్ (బరువు లాగేటప్పుడు గేర్లు మార్చే తీరుని సర్దే బటన్) వేసుకోండి. చాలా ట్రెయిలర్ టైర్లు 65 మైళ్ల వేగానికే తయారైనవి, మీ టైరు మీద వేరే అంకె లేకపోతే అక్కడే ఆగండి. మొదటి పదిహేను మైళ్లకి ఆపి దిగండి. ఒక్కో బైండర్‌ని చేత్తో లాగి చూడండి, ఒకటైనా వదులై ఉంటుంది. ట్రెయిలర్ హబ్బుల మీద అరచేయి పెట్టండి. గోరువెచ్చగా ఉంటే సరే. ఒకటి మిగతావాటికంటే కాలుతుంటే అక్కడే ఆగి బేరింగ్, బ్రేక్ చూపించుకోండి. కొత్త ట్రెయిలర్ అయితే 50 మైళ్లకి టార్క్ రెంచ్‌తో నట్లు మళ్లీ బిగించండి.